పాతికేళ్ల ప్రెస్సును పద్ధతిగా మూసేయడం ఎలా

మా ప్రెస్సులో పాతకాలపు అచ్చు యంత్రమైన ట్రెడిల్ మిషన్ మూలనపడి చాలా ఏళ్లయినా, దాని మీద వాడిన సీసపు అక్షరాల్లో మూడు లైన్లు మాత్రం దారంతో కట్టినవి కట్టినట్టే ఉండేవి. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. కార్డు అచ్చయ్యాక మిగతా అక్షరాలన్నీ విప్పి ఏ గడిలోవి ఆ గడిలో వేసేవాళ్లం. ఆ మూడూ విప్పేవాళ్లం కాదు, రేపు వచ్చే శుభలేఖకూ అవే కావాలి గదా. 2000లో మొదలుపెట్టిన ఆ ప్రెస్సుకు 2025 మార్చి 31న తాళం వేశాను.

తెరిచేటప్పుడు సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉంటారు. లోన్ ఎక్కడ దొరుకుతుందో, లైసెన్సు ఎవరిస్తారో, ముహూర్తం ఎప్పుడు బాగుందో అందరూ చెప్తారు. మూసేటప్పుడు చెప్పేవాళ్లు ఉండరు. షట్టర్ దించేస్తే అయిపోయింది అనుకుంటారు. అలా దించేసి, రెండేళ్ల తర్వాత రిటర్నులు ఎందుకు వేయలేదని నోటీసు అందుకున్నవాళ్లు నాకు తెలుసు. అడ్వాన్సు ఇచ్చిన కస్టమరు ఇంటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడితే తలెత్తలేకపోయినవాళ్లూ తెలుసు. నాకు మొత్తం పనికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నది మీకు వరసగా చెప్తాను.

నాది ప్రింటింగు కాబట్టి ఉదాహరణలు ప్రింటింగువే ఉంటాయి. మీది టైలరింగ్ షాపైనా, ఫొటో స్టూడియో అయినా, ట్యూషన్ సెంటరైనా వరస మాత్రం మార్చకండి. ముందు మనుషులకు చెప్పడం, తర్వాత మీ దగ్గరున్న వాళ్ల వస్తువులు వాళ్లకు చేర్చడం, ఆ తర్వాత డబ్బు లెక్కలు, ఆఖరున ప్రభుత్వ కాగితాలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు ఆడిటర్ దగ్గరికి పరిగెత్తి జీఎస్టీ రద్దు చేయించుకుంటారు. ఆ తర్వాత చేతిలో మిగిలిన పనికి బిల్లు ఎలా ఇవ్వాలో తెలియక తల పట్టుకుంటారు.

తేదీ పెట్టుకోండి

"ఈ ఏడాదో, వచ్చే ఏడాదో ఆపేస్తా" అనుకుంటూ నేను మూడేళ్లు గడిపాను. ఆ మూడేళ్లూ కొత్త మిషన్ కొనలేదు, పాతది సరిగా బాగు చేయించలేదు. పని నాణ్యత తగ్గింది. క్యాలెండర్ మీద ఒక తేదీకి సున్నా చుట్టిన రోజు నుంచే టెన్షన్ తగ్గింది.

వీలైతే మార్చి 31 ఎంచుకోండి. ఆదాయపు పన్ను లెక్కలు, ట్రేడ్ లైసెన్సు, వృత్తి పన్ను అన్నీ ఆర్థిక సంవత్సరంతో ముడిపడినవే. మధ్యలో ఆపితే మూసేసిన షాపుకు కూడా కొత్త సంవత్సరం ఫీజులు కట్టాల్సి రావచ్చు. అయితే మీ పనిలో సీజన్ ఎప్పుడో కూడా చూసుకోండి. ప్రెస్సుకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా క్యాలెండర్లు, డైరీలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో శుభలేఖలు. జూన్‌లో స్కూళ్ల పని. సీజన్ మధ్యలో ఆపితే మీమీద ఆధారపడ్డవాళ్లు ఇబ్బంది పడతారు. నేను 2024 దసరాకు ఆయుధపూజ చేసిన రోజు తేదీ అనుకున్నాను. అందుకే ఆ ఏడాది శివకాశి నుంచి తెప్పించే క్యాలెండర్ల ఆర్డర్లు అసలు ఒప్పుకోలేదు. అప్పటికి ఎవరికీ చెప్పలేదు కాబట్టి, "ఈసారి క్యాలెండర్లు చేయడం లేదండీ" అని మాత్రం అన్నాను.

తేదీ పెట్టుకునే ముందు ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని డబ్బు లెక్క వేయండి. సొంత పని చేసుకునేవాడికి పీఎఫ్ ఉండదు, రిటైర్మెంటు డబ్బు రాదు. మూసేశాక ఎన్ని నెలలు ఇల్లు గడుస్తుందో, హెల్త్ ఇన్సూరెన్సు ప్రీమియం ఎప్పుడు కట్టాలో రాసుకోండి. ఈ లెక్క ఒంటరిగా వేయకండి, భార్యో భర్తో పక్కన ఉండాలి.

ఎవరికి ముందు చెప్పాలి

మొదట మీ దగ్గర పనిచేసేవాళ్లకు చెప్పండి. బజార్లో టీ కొట్టు దగ్గర వాళ్లు ఈ మాట వింటే అంతకంటే అవమానం లేదు. మా దగ్గర ముగ్గురు ఉండేవాళ్లు. ఆఫ్‌సెట్ మిషన్ నడిపే అతను, కంప్యూటర్‌లో మ్యాటరు కొట్టి పేజీలు కట్టే డీటీపీ అమ్మాయి, బైండింగ్‌కు వచ్చే పెద్దావిడ. నాలుగు నెలల ముందే, నవంబరు నెలాఖరున, ముగ్గురినీ కూర్చోబెట్టి తేదీతో సహా చెప్పాను. తేదీ లేకుండా "ఆపేద్దామనుకుంటున్నా" అని మాత్రం చెప్పకండి. వాళ్లు వేరే పని వెతుక్కోవాలా వద్దా తేల్చుకోలేక నలిగిపోతారు.

పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు, చట్టప్రకారం ఇవ్వాలి. మామూలుగా ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలజీతాన్ని 26తో భాగించి రోజు కూలీ తీస్తారు. ముగ్గురున్న మా ప్రెస్సుకు ఆ చట్టం వర్తించదు. కానీ లెక్కకు అంతకంటే న్యాయమైన పద్ధతి నాకు కనిపించలేదు. మిషన్ అతని జీతం 15,600. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600. పదిహేను రోజులకు 9,000. అతను 14 ఏళ్లు చేశాడు కాబట్టి 1,26,000. ఒకేసారి ఇవ్వలేక రెండు విడతలుగా ఇచ్చాను. మీరు ఇంతా ఇవ్వగలరా లేదా అన్నది మీ పరిస్థితి. ఎంత ఇచ్చినా ముందే చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వండి. డబ్బుతోపాటు పని అనుభవం గురించి ఒక ఉత్తరం కూడా ఇవ్వండి. మా డీటీపీ అమ్మాయికి కొత్తచోట ఆ ఉత్తరం పనికొచ్చింది.

తర్వాత షాపు ఓనరుకు చెప్పండి. అద్దె అగ్రిమెంటులో ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలో చూసి, నోటిమాటగా చెప్పాక ఒక కాగితం కూడా ఇవ్వండి. అడ్వాన్సు వెనక్కి రావాలంటే అదే ఆధారం.

ఆ తర్వాత కస్టమర్లు. ఇరవై ఏళ్లుగా వస్తున్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ సరిపోదు. మిగతావాళ్లకు వాట్సాప్‌లో పెట్టొచ్చు. నేను పెట్టింది ఇది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"నమస్కారం. మా ప్రెస్సును మార్చి 31తో మూసేస్తున్నాం. కొత్త పని ఫిబ్రవరి 28 వరకే తీసుకుంటాం. మీ డిజైన్లు, బిల్లుబుక్కుల ఫైళ్లు మా దగ్గర ఉన్నాయి. మార్చి 20 లోపు పెన్‌డ్రైవ్ తెచ్చి తీసుకెళ్లండి. ఇన్నేళ్లు మమ్మల్ని నమ్మి పని ఇచ్చినందుకు మీకు మా నమస్కారాలు."

కారణం రాయాల్సిన అవసరం లేదు. అడిగినవాళ్లకు చెప్పండి చాలు. "నష్టాలొచ్చాయా?" అని ఒకరిద్దరు అడుగుతారు. ఉన్నమాట చెప్పేయండి. నేను "కళ్లు సహకరించడం లేదండీ, పిల్లలకు ఈ పని మీద మనసు లేదు" అన్నాను, అదే నిజం.

ఇంకొక మాట. ఇక మీదట ఎవరి దగ్గరికి వెళ్లాలో మీరే చెప్పండి. ఊళ్లో మీకు పోటీగా ఉన్న షాపే కావచ్చు, పని బాగా చేస్తే ఆ పేరే చెప్పండి. నేను రెండు వీధుల అవతల ఉన్న కుర్రాడి దగ్గరికి వెళ్లి మాట్లాడి, నా కస్టమర్ల పాత రేట్లు చెప్పి, మొదటి ఆర్డరుకైనా అవే రేట్లు ఉంచమని అడిగాను. ఒప్పుకున్నాడు.

చేతిలో ఉన్న పని

కొత్త పని ఆపే తేదీకీ షాపు మూసే తేదీకీ మధ్య కనీసం ఒక నెల ఉంచండి. చివరి నెలలో తప్పులు పడతాయి, వాటిని సరిచేసి మళ్లీ వేయడానికి టైం కావాలి. అడ్వాన్సు పుస్తకం తీసి, పని పూర్తికాని పేర్లన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. చేయలేని పనికి తీసుకున్న అడ్వాన్సును వాళ్లు అడగకముందే తిరిగి ఇచ్చి, పుస్తకంలో సంతకం తీసుకోండి.

మీ దగ్గరున్న పరాయి సొత్తు

ఎక్కువ రోజులు పట్టేది, ఎవరూ పట్టించుకోనిది ఈ పనే. పాతికేళ్లలో మన దగ్గర ఎంత పరాయి సొత్తు పోగుపడుతుందో బీరువాలు తెరిచేదాకా మనకే తెలియదు. టైలరు దగ్గరైతే తీసుకెళ్లని జాకెట్లు, కొలతల పుస్తకం. స్టూడియోలో నెగెటివ్‌లు, పెళ్లి ఫొటోలున్న హార్డ్‌డిస్కులు. మా దగ్గర ఫైళ్లు, స్టాంపులు, బిల్లుబుక్కులు, గుర్తింపు కార్డుల జిరాక్సులు.

ముందు ఫైళ్ల సంగతి. తెలుగు డీటీపీ చేసినవాళ్లందరికీ తెలిసిన చిక్కే ఇది. మా పాత పనంతా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అనూ అనే తెలుగు ఫాంట్లతో చేసింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చిందే 2001లో. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఆ ఫైళ్లను తెరవవు, సీఎస్6 అనే వెర్షన్‌తోనే ఆ వెసులుబాటు ఆగిపోయింది. పైగా అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి, కాదు. కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి ఫైలు ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే కస్టమరుకు అది ఎందుకూ పనికిరాదు. ఇచ్చానన్న తృప్తి మనకు, తెరుచుకోని ఫైలు వాళ్లకు.

నేను ఒక్కో ఫైలును మూడు రకాలుగా ఇచ్చాను. ఒకటి పీడీఎఫ్. ఏ షాపులోనైనా అలాగే ప్రింటు వేసుకోవచ్చు. రెండోది కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా, మార్చిన ఫైలు. ఫాంటు లేని కంప్యూటర్‌లోనూ అక్షరం చెదరదు, లోగో, బోర్డరు మార్చుకోవచ్చు. మూడోది యూనికోడ్‌లోకి మార్చిన మ్యాటరు. కన్వర్టర్‌లో వేసి, వత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి. కన్వర్టర్లు వత్తుల దగ్గరే ఎక్కువగా తప్పుతాయి. ఒక గుడి కమిటీకి సహస్రనామాల చిన్నపుస్తకం ఏటా వేసేవాళ్లం. 48 పేజీలు. దాన్ని మార్చి, ఒక్కో నామం చదువుతూ సరిచూడటానికి మా అమ్మాయికీ నాకూ నాలుగు రాత్రులు పట్టింది. ఆ పుస్తకం ఇకమీదట ఎవరు వేసినా మళ్లీ మొదటి నుంచి కొట్టక్కర్లేదు.

అందరి ఫైళ్లూ ఇలా చేయలేరు. మళ్లీ మళ్లీ వేయించుకునేవి మాత్రం ఏరండి. బిల్లుబుక్కులు, లెటర్‌హెడ్లు, స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, సంఘాల రసీదులు. పదేళ్ల కిందటి శుభలేఖ ఎవరికీ అక్కర్లేదు.

ఇక ఇవ్వకూడనివి, నాశనం చేయాల్సినవి. రబ్బరు స్టాంపుల పని చేసినవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆఫీసర్ల సీళ్లు, హెడ్మాస్టర్ల సీళ్లు, డాక్టర్ల సీళ్ల నెగెటివ్‌లు, సరిగా రాని పాలిమర్ ముక్కలు డబ్బాల్లో పడి ఉంటాయి. చెత్తబుట్టలో వేస్తే ఎవరి చేతికి వెళ్తాయో తెలియదు. ఒక్కొక్కటీ అక్షరాలు చదవలేనంతగా ముక్కలు చేయండి. వరస నంబర్లు వేసిన బిల్లుబుక్కుల్లో వేస్టేజీ కోసం ఎక్కువ వేసిన షీట్లు, స్కూళ్ల పరీక్ష పేపర్లు, సర్టిఫికెట్ల ఖాళీ ఫారాలు కూడా అంతే. వాటన్నింటినీ కటింగ్ మిషన్ కింద పెట్టి సన్నని పట్టీలుగా కోసేయండి. ఇందుకే కటింగ్ మిషన్‌ను ఆఖరున అమ్మమంటాను. నేను తొందరపడి ముందే బేరం పెట్టాను. కొన్న వ్యక్తి మంచివాడు కాబట్టి పది రోజులు ఆగాడు.

కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూడండి. అప్లికేషన్ల కోసం, ఐడీ కార్డుల కోసం జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, ఫొటోలు వందల్లో ఉంటాయి. డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా వాటిని వెనక్కి తేగలిగినవాళ్లు ఉన్నారు. కంప్యూటర్ అమ్మేటప్పుడు హార్డ్‌డిస్కు బయటికి తీసేయండి. అందులో కావలసినవి వేరే డిస్కులోకి ఎక్కించుకుని, పాతదానికి డ్రిల్లింగ్ మిషన్‌తో రెండు మూడు చోట్ల రంధ్రాలు చేయించండి. డిస్కు లేకపోతే కొనేవాడు వెయ్యి రూపాయలు తగ్గిస్తాడు, తగ్గించనివ్వండి.

దాచి ఉంచాల్సిన కాగితాలు కూడా కొన్ని ఉంటాయి. ఎన్నికల కరపత్రాలు వేసినవాళ్లు, వేయించినవారి దగ్గర తీసుకున్న డిక్లరేషన్లను పారేయకండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ప్రకారం ఆ డిక్లరేషన్ తీసుకునే బాధ్యత ప్రింటరుది కూడా. 2024 మే ఎన్నికలప్పటి ఫైలు నా బీరువాలో ఇప్పటికీ ఉంది.

ఎవరూ తీసుకెళ్లని శుభలేఖలు రెండు పెట్టెలు మిగిలాయి. ఒకటి ఆగిపోయిన పెళ్లిది. వాళ్లకు ఫోన్ చేయడం భావ్యం కాదనిపించింది. దేవుడి బొమ్మలున్న కార్డులను చిత్తుకాగితాలకు వేయడానికి చేతులు రాలేదు. బొమ్మ, పేర్లు ఉన్న భాగం కోసి పక్కన పెట్టి, లోపలి ఖాళీ భాగాలను మా బైండింగ్ ఆవిడ చిన్న చిన్న ప్యాడ్లుగా కట్టింది. మా వీధి బడి పిల్లలకు ఇచ్చాం.

రావలసినవి, ఇవ్వాల్సినవి

ఇవ్వాల్సినవి ముందు ఇచ్చేయండి. బెజవాడలో పేపర్ షాపు, ఇంకుల షాపు, ప్లేట్లు చేసేవాళ్లు. వాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లి ఖాతా మూయించి, బాకీ లేదని చిన్న కాగితం రాయించుకోండి. మీరు మూసేస్తున్నారని వాళ్లకు బయటినుంచి తెలిస్తే ఆందోళన పడతారు.

రావలసిన వాటి విషయంలో మొహమాటం వద్దు. షాపు తెరిచి ఉన్నంతకాలం "తర్వాత ఇస్తాలే" అనేవాడు, మూసేశాక అసలు ఫోన్ ఎత్తడు. మూసే తేదీకి రెండు నెలల ముందే జాబితా రాసి, చిన్న బాకీలన్నీ నెలలో రాబట్టండి. పెద్దవాటి దగ్గర ఒక పని చేయండి. డబ్బు వెంటనే ఇవ్వలేమంటే, ఫలానా తేదీకి మీకు ఇంత ఇవ్వాలి అని కాగితం మీద రాసి సంతకం చేయించుకోండి. చేసిన పనికి రావలసిన డబ్బు కోసం మామూలుగా మూడేళ్ల లోపే కోర్టుకు వెళ్లగలం. ఆ మూడేళ్లు దాటకముందు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. ఒక స్కూలు నుంచి నాకు 38,000 రావాలి. నేను కాగితం తీసుకోలేదు, పాత స్నేహం కదా అనుకున్నాను. యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు "మాకు తెలియదు" అన్నారు. మీరు ఆ పొరపాటు చేయకండి, స్నేహం ఉన్నచోటే కాగితం తేలిగ్గా రాసిస్తారు.

మిషన్ల అమ్మకం

మిషన్ మీద బ్యాంకు లోన్ ఉందా చూడండి. ముద్ర లోనైనా సరే, తాకట్టులో ఉన్న మిషన్‌ను లోన్ తీర్చకుండా అమ్మకూడదు. తీర్చాక బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాతే బేరం పెట్టండి. లోన్ తీరిందని బ్యాంకువాళ్లు నోటితో చెప్తే సరిపోదు, కాగితం కావాలి.

అమ్మేముందు మిషన్ నడుస్తూ ఉన్నప్పుడే కొనేవాళ్లను పిలవండి. ఆగిపోయి దుమ్ముపట్టిన మిషన్‌కు తుక్కు ధర చెప్తారు. మా మినీ ఆఫ్‌సెట్‌ను ఒక శుభలేఖ పని వేస్తుండగా చూపించాను. నాలుగో రంగు ఎక్కడా జరగకుండా పడటం అతను కళ్లతో చూశాడు, రేటు పెద్దగా తగ్గించలేదు. జీఎస్టీ ఉన్నవాళ్లు మిషన్లు, మిగిలిన కాగితం వీలైనంతవరకు రిజిస్ట్రేషన్ రద్దుకు ముందే బిల్లు వేసి అమ్మేయండి. కారణం కింద చెప్తాను.

సీసపు అక్షరాలను కిలోల లెక్కన తుక్కువాళ్లు కొంటారు. మావి మూడు గోతాలు వెళ్లాయి. దారంతో కట్టిన ఆ మూడు లైన్లు మాత్రం తూకంలో వేయలేదు.

ప్రభుత్వ కాగితాలు

జీఎస్టీ ఉన్నవాళ్లకు వరస ఇది. చేసిన పనులన్నింటికీ మూసే తేదీ లోపే బిల్లులు వేసేయండి. రద్దయ్యాక మీరు జీఎస్టీతో బిల్లు ఇవ్వలేరు. అప్పటికే వేసిన బిల్లు తాలూకు బాకీని తర్వాత వసూలు చేసుకోవచ్చు, దానికి అడ్డులేదు. పాత రిటర్నులు ఏవైనా మిగిలితే వేసేయండి. వ్యాపారం ఆపిన 30 రోజుల లోపు పోర్టల్‌లో రెగ్-16 ఫారంతో రద్దుకు దరఖాస్తు చేయాలి. అందులో మిగిలిన స్టాకు వివరం అడుగుతారు. ఆ స్టాకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తీసుకున్న తగ్గింపు) గానీ, అమ్మితే పడే పన్ను గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మిషన్లకు ఐదేళ్ల ఆయుష్షు లెక్కగట్టి, అందులో మిగిలిన నెలల క్రెడిట్ చూస్తారు. స్టాకు ముందే అమ్మేయమన్నది ఇందుకే. మా దగ్గర ఆఖరుకు ఆరు రీముల కాగితం, కొంచెం ఇంకు మిగిలాయి, కట్టాల్సింది స్వల్పమే అయింది.

రెగ్-19 పేరుతో రద్దు ఆర్డరు వస్తుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుని పోర్టల్ మళ్లీ తెరవరు. అక్కడే దెబ్బతింటారు. రద్దు తేదీ, ఆర్డరు తేదీ రెండింటిలో ఏది తర్వాతదో అక్కడి నుంచి మూడు నెలల లోపు జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున, 10,000 దాకా పడుతుంది. ఆర్డరు వచ్చిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పోర్టల్‌లోని మీ క్యాష్ లెడ్జర్ ఖాతాలో డబ్బు మిగిలితే వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. 2024-25 లెక్కలకు వార్షిక రిటర్ను గడువు 2025 డిసెంబరు 31 కాబట్టి, నేను వాటిని 2031 డిసెంబరు దాకా ఉంచాలి. ఒక ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి పెట్టి, మూత మీద "2031 డిసెంబరు దాకా" అని స్కెచ్ పెన్నుతో రాశాను. మా వాళ్లు తెలియక అమ్మేయకుండా.

మిగతావి త్వరగానే అవుతాయి. మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు, లేబరు ఆఫీసులో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, వృత్తి పన్ను నమోదు ఉంటే మూసేశామని రాసిచ్చి రసీదు తీసుకోండి. ఊరికే వదిలేస్తే డిమాండు నోటీసులు వస్తూనే ఉంటాయి. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ నమోదును పోర్టల్‌లోనే రద్దు చేసుకోవచ్చు. సొంత పేరుతో చేసిన వ్యాపారమైతే మీ పాన్ మామూలుగానే కొనసాగుతుంది. ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నులో వ్యాపార ఆదాయం, మిషన్లు అమ్మిన డబ్బు చూపించాలి. ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మిషన్లు కొన్న బిల్లులు, రాని బాకీల జాబితా పట్టుకెళ్లండి.

బ్యాంకు, కరెంటు, ఫోన్

బ్యాంకులో వ్యాపారానికి వాడిన కరెంట్ అకౌంటు వెంటనే మూసేయకండి. బాకీల చెక్కులు, జీఎస్టీ వాపసు, కరెంటు డిపాజిట్ అందులోకే వస్తాయి. నేను తొమ్మిది నెలలు ఉంచాను. కౌంటరు మీది క్యూఆర్ కోడ్ స్టిక్కరు పూర్తిగా గీకేయండి. డబ్బు పడినప్పుడు పలికే స్పీకరు ఉంటే తిరిగి ఇచ్చి, నెల అద్దె కోతను ఆపించండి. షాపు మూసినా అకౌంటులోంచి ఆ అద్దె పోతూనే ఉంటుంది, రెండు నెలలు పోయాక గాని నేను గమనించలేదు. కరెంటు మీటరు మీ పేరున ఉంటే ఆఖరి బిల్లు కట్టి, డిపాజిట్ వాపసుకు రాసివ్వండి. షాపు ఇన్సూరెన్సు మాత్రం ఆఖరి సామాను బయటికి వెళ్లేదాకా ఉండాలి. సగం ఖాళీ అయిన షాపులోనే వైర్లు ఊడదీసేటప్పుడు ప్రమాదాలు జరుగుతాయి.

గూగుల్ మ్యాప్‌లో షాపును "శాశ్వతంగా మూసివేయబడింది" అని మార్చండి. పక్క ఊరినుంచి ఆటో కట్టించుకుని వచ్చి షట్టర్ చూసి వెనక్కి పోయేవాళ్లు ఉంటారు. అదే మాట షట్టర్ మీద కూడా, మీ ఫోన్ నంబరుతో, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆ నంబరును కనీసం ఏడాదిపాటు తీసేయకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఆఖరి రోజు

పెద్ద కార్యక్రమం అక్కర్లేదు, కానీ మామూలు రోజులా కూడా గడవనివ్వకండి. మేం పొద్దున్నే షాపు కడిగి, దేవుడి పటానికి దీపం పెట్టి, ఆఖరి పని ఆ రోజే వేశాం. మా బైండింగ్ ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షన్ కార్డులు, 150. డబ్బు తీసుకోలేదు. మధ్యాహ్నం అందరం కలిసి భోంచేశాం. సాయంత్రం ఓనరుకు తాళాలు ఇచ్చేముందు గోడలు, నేల ఫొటోలు తీసుకోండి. మిషన్ బోల్టుల గుంతలు సిమెంటుతో పూడ్పించి ఉంచితే అడ్వాన్సు దగ్గర పేచీ రాదు. మాకు పూర్తిగా వెనక్కి వచ్చింది.

ఆ తర్వాతి వారం చేతులు ఊరుకోవు. తొమ్మిదింటికల్లా కాళ్లు వాటంతటవే అటు వెళ్తాయి. నాకు రెండుసార్లు అలా జరిగింది. మొదటి నెలలో రోజూ ఆ టైముకు చేయడానికి ఒక పని ముందే చూసుకోండి. నేను పొద్దున పూట లైబ్రరీకి వెళ్లి, చినిగిన పుస్తకాలకు అట్టలు కడుతున్నాను.

ఫోన్లు ఇప్పటికీ వారానికి ఒకటో రెండో వస్తాయి. ఎక్కువగా శుభలేఖల గురించే. చి.ల.సౌ. ఎవరి పేరు ముందు వేయాలి, ఇద్దరు కూతుళ్లలో చిన్నమ్మాయికి ద్వితీయ పుత్రిక అనాలా కనిష్ఠ పుత్రిక అనాలా, తాతగారు పోయి ఏడాది కాలేదు, ఆహ్వానించేవారిలో వారి పేరు ఎలా వేయాలి. మ్యాటరు చదవమని, విని చెప్తాను. తర్వాత ఆ రెండు వీధుల అవతలి కుర్రాడి నంబరు ఇస్తాను.